పెరట్లో చేపల కొలను, పక్కనే బండల అరుగు: ప్లాను చూసి తప్పులు చెప్పండి

పెరటి_పందిరి

ఇంటి వెనక 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ఖాళీ ఉంది. హైదరాబాద్ శివారు. పైన అడుగు ఎర్రమట్టి, కింద మొరం. పని మేమే చేసుకోవాలని. బండలు పరచడానికి మాత్రం ఒక మేస్త్రిని రెండు రోజులు పిలుస్తాం.

అనుకున్నది ఇది. వెనక తలుపు దిగగానే 12×10 అడుగుల అరుగు, తాండూరు బండలతో. అరుగు దాటగానే 10×6 అడుగుల కొలను, 3 అడుగుల లోతు. అంటే ఇల్లు, అరుగు, కొలను, ప్రహరీ వరసగా వస్తాయి. ప్రహరీకీ కొలనుకీ మధ్య 2 అడుగులు మిగులుతుంది. ఎడమ మూల వేపచెట్టు ఉంది కాబట్టి కొలనుని ఆ వైపుకి జరిపితే నీడ దొరుకుతుంది. పది కోయి చేపలు (రంగురంగుల కార్ప్ రకం), రెండు కలువలు. మున్సిపాలిటీ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, బోరు నీళ్ల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) 900.

అడగాల్సినవి: కొలను గోతిలో నీళ్లు ఇంకకుండా ప్లాస్టిక్ షీటు వేయాలా, సిమెంటు తొట్టి కట్టాలా? ముందు అరుగా, ముందు కొలనా?

నీటిమట్టం

పలుగు పట్టకముందే మూడు మార్చండి.

మొదటిది వరస. అరుగు ఇంటికీ కొలనుకీ మధ్య ఉంది. అరుగు వాటం ఇంటి వైపుకి ఇవ్వలేరు, గోడ చెమ్మెక్కుతుంది. బయటికిస్తే అరుగు మీద పడిన ప్రతి చుక్కా, కడిగిన సబ్బునీళ్లతో సహా, నేరుగా చేపల మీదికి పోతుంది. కొలనుని అరుగు వెనక కాకుండా అరుగు పక్కన పెట్టండి. 30 అడుగుల్లో అరుగు 12, కొలను 10, ఇంకా 8 మిగులుతుంది. వెడల్పులో 18కి 6 పోతే ఇంటి వైపు 6, ప్రహరీ వైపు 6 అడుగులు దొరుకుతాయి. అప్పుడు అరుగు వాటం ఇంటి నుంచి ప్రహరీ వైపుకి పోతుంది, కొలను దాని దారిలో ఉండదు.

దీంతోనే రెండోదీ తీరిపోతుంది. ప్రహరీ పునాదికి 2 అడుగుల దూరంలో 3 అడుగుల గొయ్యి తవ్వకూడదు. పునాది కింద మట్టి గోతిలోకి జారుతుంది. గొయ్యి ఎంత లోతో కనీసం అంత దూరం, వీలైతే ఇంకో అడుగు ఎక్కువ ఉండాలి.

మూడోది వేప. నీడ కోసం వేప కిందికి పోకండి. ఆకు రాలే కాలంలో రోజూ దోసెళ్ల కొద్దీ పడుతుంది, తర్వాత పూత, తర్వాత పళ్లు. నీటిలో కుళ్లేది ఏదైనా ప్రాణవాయువుని తినేస్తుంది, పైగా వేపరసం చేపలకు పడదు. కొలను కుడి వైపుకి పోవాలి. నీడకి 50 శాతం గ్రీన్ నెట్ పందిరి వేసుకోండి, ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా ఉంటే చాలు.

నీళ్ల లెక్క: మొక్కల తొట్లు పెట్టుకోడానికి లోపల వదిలే మెట్టు పోగా సగటు లోతు రెండున్నర అడుగులు. 10×6×2.5 అంటే 150 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు, మొత్తం సుమారు 4,200 లీటర్లు. పంపు, ఫిల్టరు, చేపలు, మందు అన్నిటికీ ఈ అంకే ఆధారం. గోడ మీద రాసిపెట్టుకోండి.

చేపలతొట్టి

4,200 లీటర్లకి పది కోయిలు చాలా ఎక్కువ. కొనేటప్పుడు వేలెడు ఉంటుంది, పెరిగితే రెండడుగులు. ఒక్కోదానికి వెయ్యి లీటర్లు లెక్కేసుకుంటే నాలుగు. లేదా కోయి మాట వదిలేసి 12 గోల్డ్‌ఫిష్ వేసుకోండి. పొట్ట ఉబ్బిన రకాలు కాకుండా కామెట్ లాంటి పొడుగు ఒళ్లు రకం ఎండకీ వానకీ తట్టుకుంటుంది. దోమల కోసం గుప్పీలు ఓ ఇరవై వేస్తే అవే పెరుగుతాయి.

దోమల చేప అని ఇచ్చే గాంబూసియా అడగొద్దు, మిగతా చేపల రెక్కలు కొరుకుతుంది. సక్కర్ ఫిష్ నాచు తింటుందని అంటగడతారు, అదీ వద్దు. ఏ చేప ఎక్కువైనా తీసుకెళ్లి చెరువులోనో కాల్వలోనో వదలకండి. మన చెరువుల్లో సక్కర్లు నిండింది అలాగే.

బండల_మేస్త్రి

అరుగు సంగతి నేను చెప్తాను. ముందు గొయ్యి, తర్వాత అరుగు. గోతిలోంచి వచ్చే మొరమే అరుగు కిందికి పనికొస్తుంది. పై ఎర్రమట్టి వేరే కుప్ప పోయండి, అది మొక్కలకి. మొరం వేరే కుప్ప.

అరుగు చోట మట్టి 6 అంగుళాలు తీసి, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టండి. మొరం 4 అంగుళాలు, రెండు విడతలుగా వేసి ప్రతి విడతా తడిపి దిమ్మిస కొట్టాలి. ఒకేసారి 4 అంగుళాలు పోసి పైపైన కొడితే కింద గుల్లగా ఉండి రెండో వానకి బండ కుంగుతుంది. పైన 3 అంగుళాల కాంక్రీటు 1:4:8 పాళ్లలో. 120 చదరపు అడుగులకి సిమెంటు 3 బస్తాలు, ఇసుక 15, 20 మి.మీ. కంకర 30 ఘనపుటడుగులు. దాని మీద 1:6 మాలు ఒకటిన్నర అంగుళం, సిమెంటు రెండున్నర బస్తాలు, ఇసుక 17 ఘనపుటడుగులు. 2×2 బండలు 30 పడతాయి, పగిలేవీ కోసేవీ కలిపి 33 తెచ్చుకోండి.

బండ పాలిష్ పట్టనిది తీసుకోండి. నీటి పక్కన పాలిష్ బండ తడిస్తే కాలు నిలవదు. కడప నల్లబండ అందంగా ఉంటుంది కానీ మే నెలలో చెప్పుల్లేకుండా నడవలేరు.

వాటం 80కి 1. పది అడుగుల మీద అంగుళంన్నర దిగాలి. ప్రహరీ వైపు అంచున 6 అంగుళాల కాల్వ, జాలి పెట్టి ఇంకుడు గుంతకి కలపండి. ఇంటి గోడకీ మొదటి బండ వరసకీ మధ్య అరంగుళం సందు వదలండి, మాలుతో నింపేయొద్దు. అరుగు పైమట్టం ఇంటి బేస్‌మట్టం కన్నా కనీసం 6 అంగుళాలు కిందుండాలి.

నీటిమట్టం

మేస్త్రి గారు వాటం చెప్పారు, కొలను అంచు మాత్రం వాటం కాదు, మట్టం. ఈ రెండూ కలిసే చోటే పని చెడుతుంది.

నీళ్లు ఎప్పుడూ సమంగానే నిలబడతాయి. అంచు ఒక వైపు అంగుళం పల్లంగా ఉంటే ఆ వైపు పొర్లుతుంది, ఎదుటి వైపు నల్ల షీటు అంగుళం బయటికి కనిపిస్తుంది. తర్వాత ఏం చేసినా దాన్ని దాచలేరు. రసమట్టం నమ్మి పది అడుగులు లాగొద్దు. లెవల్ పైపు వాడండి: 40 అడుగుల పారదర్శకమైన సన్న పైపులో నీళ్లు నింపి, లోపల ఒక్క గాలి బుడగ కూడా లేకుండా చూసి, చుట్టూ 3 అడుగులకొక మేకు కొట్టి అన్నిటి మీదా గీత గీయండి. బుడగ ఉంటే గీత తప్పు చూపిస్తుంది.

గోతి అంచు చుట్టూ 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం కాంక్రీటు పట్టీ 1:2:4 పాళ్లలో పోయండి, లోపల 8 మి.మీ. కడ్డీలు రెండు. చుట్టుకొలత 32 అడుగులు, ఒక బస్తా సిమెంటు సరిపోతుంది. పట్టీ పైభాగం ఇంటి వైపు మూలలో అరుగు బండల మట్టానికి వచ్చేలా పెట్టుకోండి. దాని మీద అంగుళం మాలు, అంగుళం బండ వస్తే అంచు అరుగు కన్నా 2 అంగుళాలు ఎత్తు. అరుగు అక్కడి నుంచి తన చివరికి నాలుగడుగుల్లో అరంగుళం పైన దిగుతుంది, కాబట్టి ఆ చివర ఈ ఎత్తు రెండున్నర అంగుళాలు దాటి కనిపిస్తుంది. అది తప్పు కాదు. అరుగుకి నీలి బండ, అంచుకి పసుపు బండ వేస్తే మెట్టు కంటికి ఆనుతుంది, కాలికి తగలదు.

ప్రహరీ వైపు పట్టీలో ఒకచోట 6 అంగుళాల వెడల్పున అంగుళం దించి, షీటుని అందులోకి వంచి కాల్వకి కలపండి. ఊరి చెరువుకి అలుగు ఎలాగో దీనికీ అలుగు కావాలి. వంద మిల్లీమీటర్ల వాన పడితే కొలను 4 అంగుళాలు పెరుగుతుంది. అలుగుకి జాలి మరవొద్దు, చేప ప్రవాహంతో పోతుంది.

చేపలతొట్టి

షీటా సిమెంటా అన్నారు. మొరం నేలలో రెండూ పనిచేస్తాయి. నల్లరేగడి అయితే షీటే. ఆ నేల ఎండకి నోరు తెరిచి వానకి ఉబ్బుతుంది, సిమెంటు తొట్టి మొదటి వేసవికే బీటలిస్తుంది.

షీటు కొలత: పొడవుకి రెండు లోతులు, రెండు అంచులు కలపండి. 10+6+2 అంటే 18. వెడల్పు 6+6+2 అంటే 14. 18×14 అడుగుల ఒకే ముక్క తీసుకోండి. లోపల మెట్టు ఉన్నా ఇదే లెక్క. సేద్యపు కుంటలకు వేసే 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ షీటు మనకి సులువుగా దొరుకుతుంది, బిరుసుగా ఉంటుంది. అందుకని మూలలు గుండ్రంగా తవ్వండి, గోడ అడుగు లోతుకి 3 అంగుళాలు లోపలికి వాలాలి. 1 మి.మీ. ఇపిడిఎం రబ్బరు షీటు అయితే ఎలా వంచితే అలా వంగుతుంది, ధర బాగా ఎక్కువ.

షీటు కింద గోతిలో చెయ్యి పెట్టి తడమండి, కంటికి కనపడని మొరం పలుకు వేలికి తగులుతుంది. తెగిన వేళ్లు కత్తిరించండి. జల్లెడ పట్టిన ఇసుక 2 అంగుళాలు, దాని మీద 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) జియోటెక్స్‌టైల్ గుడ్డ. గోనెసంచులు వేయొద్దు, కుళ్లి షీటు కింద గాలి పుట్టి బుడగలా లేస్తుంది.

ఎండలో అరగంట పరిచి మెత్తబడ్డాక షీటు దించండి. సన్నటి ధారతో నింపుతూ, నీళ్లు ఎక్కేకొద్దీ మడతలు సర్దుకుంటూ పోండి. నిండాక రెండు రోజులు వదిలేయండి, బరువుకి అది కూర్చుంటుంది. అప్పటిదాకా అంచు కత్తిరించొద్దు.

బండల_మేస్త్రి

సిమెంటుని అలా తీసెయ్యకండి. మొరం నేలలో 9 అంగుళాల ఇటుక గోడ, లోపల చికెన్ మెష్ (సన్న ఇనుప వల) పెట్టి 1:3 మాలుతో రెండు పూతలు పూస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. ఎలుక కొరకదు, పార తగిలి చిరగదు.

చేపలతొట్టి

ఉంటుంది, కాదనను. కానీ కొత్త సిమెంటు నీటిలో సున్నం వదులుతుంది, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 10 దాటుతుంది, చేప ఒక్క పూట బతకదు. నింపి ఐదారు రోజులు ఉంచి పారబోయడం కనీసం మూడుసార్లు చేయాలి. అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టే పద్ధతి కూడా ఉంది, చేయండి, కానీ దాన్నే నమ్ముకోకుండా పీహెచ్ చూసి 8.5 లోపు నిలబడ్డాకే చేపలు. తొలిసారి చేసేవాళ్లకి షీటు సులువు.

షీటు వేసినా ఈ సున్నం గొడవ పూర్తిగా తప్పదు. అంచు బండలకి వాడే మాలు నీటిలో రాలుతుంది. కాబట్టి నింపి, షీటు కూర్చున్నాక, సగం దించి, నీటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పి అంచు బండలు పెట్టండి. షీటు అంచుని బండ వెనక నిలువుగా లేపి ఉంచాలి. మట్టిలోకి వంచి కప్పేస్తే ఆ మట్టి ఒత్తిలా నీళ్లు పీలుస్తూనే ఉంటుంది, కారుతోందని షీటంతా వెతుక్కుంటారు. బండ నీటి మీదికి 2 అంగుళాలు రావాలి, షీటు కనపడదు. దించిన నీళ్లతోనే బండలు వారం తడపండి. తర్వాత మిగిలిన నీళ్లు తోడేసి, షీటు కడిగి, మళ్లీ నింపండి.

కోనసీమ_పెరడు

మా వైపు మూడడుగులు తవ్వితే వానాకాలం ఊట వస్తుంది. ఇదే ప్లాను చేయొచ్చా?

నీటిమట్టం

చేయొద్దండి. కింద ఊట పెరిగితే షీటు పైకి లేచి తెప్పలా తేలుతుంది. మీరు నేల మీదే కట్టండి: అడుగు లోతు తవ్వి, రెండడుగులు 9 అంగుళాల ఇటుక గోడ లేపి లోపల షీటు వేయండి. గోడ పైన బండ వేస్తే కూర్చోడానికి అదే గట్టు. వానాకాలంలో మాత్రం ఖాళీ చేయకండి, లోపలి నీళ్ల బరువే షీటుని నొక్కి ఉంచుతుంది.

పెరటి_పందిరి

కొలను కుడి పక్కకి మార్చాను. షీటు ఖాయం. నాలుగు కోయి, గుప్పీలు. ఇప్పుడు ఫిల్టరు. 200 లీటర్ల నీలి డ్రమ్ము ఒకటి ఉంది, దాంతో అవుతుందా?

నల్లా_జాలి

అవుతుంది, డ్రమ్ములో ఇంతకు ముందు రసాయనాలు ఉండకూడదు అంతే. వాసన చూడండి, అనుమానం ఉంటే మార్చండి.

నీళ్లు అడుగు నుంచి ఎక్కాలి. పంపు నుంచి అంగుళం పైపు డ్రమ్ము అడుగుకి దిగుతుంది, పక్కకి తిప్పి వదలండి, నీళ్లు సుడి తిరిగి పూడిక అడుగున ఆగుతుంది. అడుగు నుంచి 8 అంగుళాల ఎత్తున ప్లాస్టిక్ జాలి, దాని మీద గరుకు స్పాంజి, దాని మీద సన్న స్పాంజి, ఆ పైన నీటిని శుభ్రం చేసే సూక్ష్మజీవులకి చోటు: గిన్నెలు తోమే నైలాన్ పీచు వలసంచుల్లో నింపితే చాలు, సబ్బు లేనివి. కంకర వేస్తారు కొందరు. బరువు, కడగడం నరకం, నెలకే మూసుకుపోతుంది.

బయటికి వచ్చే పైపు 2 అంగుళాలు, డ్రమ్ము అంచుకి 4 అంగుళాల కింద. లోపలికి అంగుళం, బయటికీ అంగుళమే పెడితే ఒక ఆకు అడ్డం పడగానే డ్రమ్ము పొంగి, తెల్లారేసరికి కొలను మొత్తం పెరట్లోకి పోతుంది. అందుకే పంపుని కొలను అడుగున పెట్టొద్దు, అడుగు నుంచి ఒక అడుగు ఎత్తున ఇటుకల మీద పెట్టండి. ఎక్కడ ఏ పైపు ఊడినా చివరి అడుగు నీళ్లు చేపలకి మిగులుతాయి. డ్రమ్ము అడుగున ఒకటిన్నర అంగుళం బాల్ వాల్వు. వారానికోసారి తిప్పితే పూడిక నల్లగా వచ్చేస్తుంది, కరివేపాకు చెట్టుకి పొయ్యండి.

పంపు డబ్బా మీద రాసిన లీటర్లు ఎత్తు లేనప్పటివి. 5,000 లీటర్లు, గరిష్ఠ ఎత్తు 3 మీటర్లు అని ఉంటే, మీ డ్రమ్ము ఎత్తుకి పైపు ఒరిపిడి కలిపి 5 అడుగులు అనుకుంటే దాదాపు సగమే వస్తుంది. గంటకి 2,500. మీ 4,200 లీటర్లు గంటన్నర పైన ఒకసారి తిరుగుతాయి, చాలు. 40 వాట్ల పంపు రోజంతా తిరిగితే నెలకి 29 యూనిట్లు.

రాత్రి ఆపకండి. ఆపిన కొన్ని గంటల్లోనే డ్రమ్ములో జీవులు ఊపిరాడక చస్తాయి. కరెంటు చాలాసేపు పోయి వస్తే డ్రమ్ములో నిలిచిన నీళ్లు బయటికి వదిలేశాకే కొలనుకి కలపండి. స్పాంజి కడిగేది కొలను నీళ్లతోనే, క్లోరిన్ ఉన్న కొళాయి నీళ్లతో కాదు.

ఎర్తు_తీగ

కరెంటు మాట ఎవరూ ఎత్తలేదు. ఈ లైనుకి వేరే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్చు) పెట్టి, ఎర్తు సరిగా ఉందో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే పంపు నీటిలో దించండి. వైరు పీవీసీ పైపులో రెండడుగుల లోతున పోవాలి, అరుగు కాంక్రీటు వేయకముందే ఆ పైపు పాతండి. ప్లగ్గు నేలకి రెండడుగుల ఎత్తున, వాన పడని పెట్టెలో. నీటిలో దీపాలు కావాలంటే 12 వోల్టులవే. పంపుని వైరు పట్టుకుని పైకి లాగకండి, సీలు వదులై నీళ్లు లోపలికి పోతాయి. చెయ్యి నీటిలో పెట్టేముందు స్విచ్చు కాదు, ప్లగ్గు తీయాలి.

నీటిలోకి గాలి బుడగలు ఊదే గాలి పంపు కూడా పెట్టండి, అది నీటి మట్టానికి పైన ఉండాలి. కింద ఉంటే కరెంటు పోగానే నీళ్లు గొట్టంలో వెనక్కి వచ్చి పంపులోకి దిగుతాయి. దాన్ని ఇన్వర్టర్ లైనుకి కలపండి, పెద్ద పంపు ఆగినా ఇది ఆగకూడదు.

పెరటి_పందిరి

గాలి పంపు తప్పనిసరా? డ్రమ్ము నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి కదా.

చేపలతొట్టి

మే నెలకి తప్పదు. నీరు 25 డిగ్రీలున్నప్పుడు లీటరులో 8 మిల్లీగ్రాముల పైన ప్రాణవాయువు కరుగుతుంది, 35 డిగ్రీలకి 7 కూడా ఉండదు. పైగా నీరు పచ్చబడితే నాచు పగలు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తానే తీసుకుంటుంది. చేపలు పోయేది మధ్యాహ్నం ఎండకి కాదు, తెల్లవారుజామున. పొద్దున ఐదింటికి వెళ్లి చూడండి, చేపలు పైకొచ్చి నోరు తెరిచి ఆడిస్తుంటే గాలి చాలట్లేదు.

అదే పచ్చనీటికి మధ్యాహ్నం పీహెచ్ 9 దాకా పోతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర, చేపలు విసర్జించే అమోనియాలో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు, 8 దగ్గర 7 వంతులు దాటుతుంది, 9 దగ్గర 45. పొద్దున పరీక్షలో బాగానే ఉంది, సాయంత్రానికి చేప తేలింది అంటే కారణం తరచూ ఇదే. అమోనియాతో పాటు పీహెచ్ కూడా, సాయంత్రం నాలుగింటికి చూడాలి.

కలువకొలను

పచ్చదనానికి విరుగుడు నీడ. నీటి మీద సగం నుంచి అరవై శాతం ఆకు కప్పాలి. కలువలు రెండు సరిపోతాయి. 12 అంగుళాల వెడల్పు తొట్టిలో చెరువుమట్టి, ఎరువు కలపనిది. పైన రెండు అంగుళాల గులకరాళ్లు, లేకపోతే కోయిలు ముట్టెతో తవ్వి నీళ్లన్నీ బురద చేస్తాయి. దుంప మీద అడుగు, అడుగున్నర నీళ్లు. మొదట ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, ఆకు సాగేకొద్దీ ఇటుకలు తీసేయండి.

తామర వేస్తే బొక్కల్లేని గుండ్రటి తొట్టిలోనే. దాని దుంప మొన సూదిలా పాకుతుంది, పలచటి షీటుని పొడుస్తుంది. అడుగు లోతు మెట్టు మీద వస, కేనా పెట్టండి, నీటిలోని నైట్రేటు లాగేస్తాయి. గుర్రపుడెక్క నీరు తేరుస్తుంది, నిజమే, కానీ రెండు వారాల్లో రెట్టింపవుతుంది. తీసింది కాల్వలో పడేయకుండా ఎండబెట్టి ఎరువు గుంతలో వేయండి. ఆ ఓపిక లేకపోతే అసలు తేవద్దు.

పెరటి_పందిరి

నింపేది బోరా, కొళాయా? చేపలు ఎన్నాళ్లకి?

చేపలతొట్టి

టీడీఎస్ 900 బోరు నీటిలో కోయి బతుకుతుంది. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ, కాబట్టి షవరులా చిమ్ముతూ నింపండి, ఒక రోజు గాలి పంపు నడపండి. కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోవాలి. హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, లీటరుకి 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉంటే సుమారు 7 మిల్లీగ్రాములు. మీ 4,200 లీటర్లకి 30 గ్రాములు.

నింపగానే నాలుగు కోయిలూ వేయొద్దు. గుప్పీలు మాత్రం వేసి ఫిల్టరు నడపండి. అమోనియాని నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే జీవులు కూడుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. అమోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించాక రెండు కోయిలు, మూడు వారాలకి మిగతా రెండు. కొత్త చేపని రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచండి. ఆ తొట్టిలో 100 లీటర్లకి 300 గ్రాముల కళ్లుప్పు. ఉప్పు కొలనులో వేయకండి, కలువలకి పడదు.

మేత మూడు నిమిషాల్లో తినేసేంత. వారానికి 400 లీటర్లు మార్చండి.

ఎర్తు_తీగ

ఇంట్లో గానీ పక్కింట్లో గానీ చిన్నపిల్లలుంటే నీటి మట్టానికి రెండు అంగుళాల కింద వెల్డెడ్ మెష్ పలక వేయండి. పిల్లాడి బరువుకి వంగకుండా కింద పైపు ఆనించాలి. పిల్లలు మునగడానికి మూడడుగులు అక్కర్లేదు. కొంగకీ, లకుముకి పిట్టకీ కూడా అదే అడ్డం.

కోనసీమ_పెరడు

నీరుకట్టె పాము వస్తే?

కలువకొలను

కప్పల కోసం వస్తుంది, విషం లేదు. చంపకండి. అంచు బండల కింద సందుల్లేకుండా మాలు నింపితే దానికి ఉండే చోటు దొరకదు, వచ్చినా వెళ్లిపోతుంది.

పెరటి_పందిరి

వేసవిలో మట్టం తగ్గితే కారుతోందా, ఆవిరవుతోందా ఎలా తెలుస్తుంది?

నీటిమట్టం

బకెట్ పెట్టి చూడండి. బకెట్‌ని కొలను నీళ్లతోనే నింపి, లోపలి మెట్టు మీద మూతి పైకి ఉండేలా నిలబెట్టండి. బకెట్‌లో ఒక గీత, కొలను షీటు మీద ఒక గీత. పంపు ఆపకుండా ఒక రోజు, డ్రమ్ము పంపు ఆపి గాలి పంపు మాత్రమే ఉంచి ఆరు గంటలు. రెండు గీతలూ సమానంగా దిగితే అది ఆవిరి. నడి వేసవిలో రోజుకి 8 మిల్లీమీటర్లు పోతే మీ కొలనుకి 45 లీటర్లు, కంగారు అక్కర్లేదు. పంపు నడిచినప్పుడే ఎక్కువ దిగితే లోపం డ్రమ్ములో, పైపుల్లో, ధార చిమ్మే చోట. ఆపినా దిగుతుంటే షీటు. దిగనివ్వండి, ఎక్కడ ఆగిందో చిల్లు ఆ మట్టంలో చుట్టూ ఎక్కడో ఉంటుంది, అంతకి కింద వెతకక్కర్లేదు.

బండల_మేస్త్రి

ఒకటి మర్చిపోయాను. పని అయిపోయాక బండల మీద సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడగడం మా వాళ్లకి అలవాటు. మీ మేస్త్రికి ముందే చెప్పండి, వద్దని. తాండూరు బండ సున్నపురాయి, యాసిడ్ తగిలితే నురగ కక్కి మెరుపు పోతుంది, ఆ నీళ్లు కొలనులో పడితే చేపలు పోతాయి. మాలు తడిగా ఉండగానే గోనెగుడ్డతో తుడిపించండి, ఎండిన చుక్కలు ఉలి అంచుతో గీకించండి.

పెరటి_పందిరి

సరేనండి. రేపు మేకులు, లెవల్ పైపు. గీతలు గీశాక కొలతలు ఇక్కడే పెడతాను, తవ్వకముందు ఒకసారి చూడండి.